మున్నేరు పొంగితే మీ సర్వర్ సంగతేంటి? రెండు ఊళ్లలో డేటా పెడితే చాలదు.. మూడో ఓటు ఉండాల్సిందే!

జగ్గయ్యపేట, నందిగామ: 2024 సెప్టెంబర్ మొదట్లో కురిసిన భారీ వర్షాలకు హైదరాబాద్-విజయవాడ హైవే రెండు చోట్ల దెబ్బతింది. నందిగామ దాటాక ఐతవరం దగ్గర మున్నేరు నీళ్లు రోడ్డెక్కాయి. జగ్గయ్యపేట అవతల గరికపాడు వద్ద పాలేరు వంతెన దెబ్బతింది. 2023 జులైలోనూ ఐతవరం దగ్గర ఇదే పరిస్థితి. ఫైబర్ కేబుళ్లు ఎక్కువగా రోడ్ల వెంట, వంతెనల మీదుగానే వెళ్తాయి. మరి ఈ రెండు ఊళ్లలో చిన్న క్లౌడ్ హోస్టింగ్ పెట్టి స్కూళ్ల ఫీజుల సాఫ్ట్‌వేర్, మిర్చి వ్యాపారుల బిల్లింగ్ నడపాలంటే ఎలా?

చాలామంది మొదట చేసే పని.. రెండు సర్వర్లు కొని, రెండింటికీ కలిపి ఒకే స్టోరేజ్ బాక్స్ పెట్టడం. సర్వర్ పోతే రెండోది అందుకుంటుంది, నిజమే. కానీ ఆ బాక్సే పోతే? రెండు సర్వర్లూ దండగే.

అందుకే ఊరికో సర్వర్ పెట్టి, దేని డిస్కులు దానికే ఉంచి, ప్రతి రాతా రెండు చోట్లా పడేలా చూసుకోవాలి. లినక్స్‌లో డీఆర్‌బీడీ చేసేది ఇదే. అవతల డిస్కులో కూడా పడ్డాకే 'రాశాను' అని చెబుతుంది. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు దాదాపు 200 కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి ఈ ఊళ్ల మధ్య దూరం సమస్యే కాదు. నమ్మకమైన లీజు లైన్ ఉండాలి, అంతే. మామూలు బ్రాడ్‌బ్యాండ్‌తో ఈ పని పెట్టుకోవద్దు.

అసలు చిక్కు ఆ లైన్ తెగినప్పుడు వస్తుంది. జగ్గయ్యపేట సర్వర్ 'నందిగామ పోయింది' అనుకుంటుంది. నందిగామ కూడా అదే అనుకుంటుంది. ఇద్దరూ పెత్తనం తీసుకుని వేర్వేరు బిల్లులు రాసేస్తారు. దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. తర్వాత ఆ రెండు లెక్కలనూ కలపడం ఎవరి తరమూ కాదు. అందుకే మూడో ఓటు. దానికి డేటా అక్కర్లేదు, హైదరాబాద్‌లో ఒక చిన్న వర్చువల్ మెషీన్ చాలు. మూడింట రెండు ఓట్లు ఉన్న వైపే పని సాగుతుంది. ఒంటరిగా మిగిలిన సర్వర్ వాచ్‌డాగ్ సాయంతో తనంతట తానే ఆగిపోవాలి. లైన్ తెగాక అవతలి మెషీన్ స్విచ్ కట్టేయడానికి దారి ఉండదు కదా!

ఇంకో మేలు ఉంది. అటు పాలేరు, ఇటు మున్నేరు పొంగి బయటి లైన్లు పోయినా, రెండు ఊళ్ల మధ్య లింక్ బతికుంటే రెండు ఓట్లు ఉన్నట్టే. లోకల్ పని ఆగదు.

అయితే ఇదంతా బ్యాకప్ కాదు. ఇక్కడ పొరపాటున ఫైల్ చెరిపితే అక్కడా క్షణంలో చెరిగిపోతుంది. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియా డేజియాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్ తగలబడింది. బయట బ్యాకప్ లేక ఉద్యోగుల జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్ల డేటా పోయింది. కాబట్టి రోజూ ఒక కాపీ ఈ రెండు ఏర్లకూ అవతల ఉండాలి.

వానలు మొదలయ్యేలోపే ఒక రాత్రి లింక్ కేబుల్ పీకి చూడండి. ఎవరు ఆగారు, ఎవరు అందుకున్నారు, ఎన్ని నిమిషాలు పట్టింది రాసుకోండి. యూపీఎస్ సర్వర్‌కే కాదు, రౌటర్‌కూ ఉందో లేదో అప్పుడే తేలిపోతుంది.