వడ్రంగుల సత్రం

మొరాకోలోని ఫెజ్ నగర పాతబస్తీలో నజ్జారీన్ కూడలి ఉంది. అరబీలో నజ్జార్ అంటే వడ్రంగి. అక్కడ 18వ శతాబ్దంలో కట్టిన సత్రం నేడు కొయ్యపని ప్రదర్శనశాల. దానిని 1998లో ప్రారంభించారు. ఒకప్పుడు వర్తకులు బస చేసి సరుకు దాచుకున్న గదుల్లో ఇప్పుడు దేవదారు తలుపులు, పెట్టెలు, పనిముట్లు ఉన్నాయి. పిల్లలు దివ్య ఖుర్ఆన్ వాక్యాలు రాసి, కంఠస్థమయ్యాక కడిగి, మళ్లీ రాసుకున్న చెక్క పలకలూ ఉన్నాయి. వడ్రంగి చెయ్యి లేనిదే ఆ చదువు సాగేది కాదు.

ప్రవక్త జకరియ్యా (అలైహిస్సలాం) వడ్రంగి అని సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతోంది. టేకు అడవుల చెంతనున్న దుమ్ముగూడెంలోనైనా, మరెక్కడైనా, మన గుమ్మాన్నీ, ఖుర్ఆన్ ఉంచే రిహల్‌నూ చేసిపెట్టే మనిషిని పిల్లలు చిన్నచూపు చూడరాదు. సెలవుల్లో వారిని ఒక పూట ఆయన దగ్గర కూర్చోబెట్టండి. ఉలి పట్టే తీరు చూడనివ్వండి.