చెక్క కిటికీ: ఇంటికి వెలుతురు, చూపుకు హద్దు

కమాన్‌పూర్, సెంటినరీ కాలనీ, గోదావరిఖని ప్రాంతాల్లో ఇల్లు కట్టుకొనే గృహస్థుడు సిమెంటు, ఇనుము విషయంలో పదిమందిని సంప్రదిస్తాడు. కిటికీల వంతు వచ్చేసరికి మేస్త్రీ చెప్పినదానికి తలూపుతాడు. కానీ బొగ్గు ధూళిని, ఓపెన్‌కాస్టు గనుల పేలుళ్ల అదురును, మండువేసవిని, ఆపై వానాకాలపు తేమను తట్టుకొని నిలవవలసింది ఆ కిటికీయే.

ముందుగా కలప స్వభావం తెలుసుకోవాలి. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది, వదులుతుంది. అప్పుడు దాని పొడవు దాదాపు మారదు. అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. అందుచేత వానల్లో బిగుసుకొన్న రెక్కను వెంటనే చిత్రిక పట్టించడం తొందరపాటు. వేసవిలో అదే అంచున సందు ఏర్పడి, ఇంట్లోకి ధూళి ప్రవేశిస్తుంది. రెక్క పూర్తిగా ఆరాక కూడా పట్టేస్తేనే చిత్రిక అవసరం.

కలపలో టేకుకు సాటి అరుదు. దానిలోని సహజ తైలం చెదలను దూరంగా ఉంచుతుంది. ఆరిన తర్వాత వంకర పోవడమూ తక్కువ. అయితే ఆ గుణమంతా చేవలోనే ఉంది. అంచునుండే తెల్లకట్టెను చెదలు సులభంగా తింటాయి. కనుక రంగు వేయకముందే చెక్కను చూసి కొనాలి. మద్ది గట్టిదే కానీ, సరిగా ఆరబెట్టకపోతే పగుళ్లిస్తుంది. స్తోమత లేనివారు బాగా ఆరిన వేపకట్టెతో చేయించుకోవచ్చు. ఏ కలపైనా రశీదు లేకుండా కొనరాదు. చవకగా దొరికిందని అడవి నుంచి దొంగచాటుగా వచ్చిన టేకుతో కట్టిన ఇంట్లో శుభం ఎక్కడిది?

కిటికీ ఎక్కడ పెట్టాలన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఈజిప్టులో ఖారిజా బిన్ హుజాఫా మేడగది కట్టారు. దాని కిటికీల నుంచి పొరుగిళ్లు కనిపిస్తాయన్న మాట ఖలీఫా దాకా వెళ్లింది. గదిలో మంచం వేసి, పొడవూ పొట్టీ కాని మనిషిని దానిపై నిలబెట్టి చూడమని, అతనికి బయట కనిపిస్తే ఆ గదిని పడగొట్టమని ఆయన గవర్నర్ అమ్ర్ బిన్ ఆస్‌కు రాశారు. పరీక్షలో ఆ మనిషి చూపు కిటికీలకు అందలేదు; గదిని అలాగే ఉండనిచ్చారు. ఇరుకు కాలనీల్లో ఇల్లు కట్టే మనకు ఇంతకంటె తేలికైన కొలత ఏముంది? మేస్త్రీ గోడలో ఖాళీ వదలకముందే అక్కడ నిలబడి చూడండి.

ఇక సంరక్షణ. బొగ్గు ధూళిని మొదట పొడి బ్రష్‌తో దులపాలి; తడిగుడ్డ ఆ తర్వాతే. ముందే తడిపితే మసి చెక్కలోకి ఇంకుతుంది. బందులకు నూనె వేసేముందు కూడా ధూళి తుడవాలి. లేకుంటే నూనెలో కలిసిన ధూళి ఇనుమును అరగదీస్తుంది. అదురుకు చౌకట్టుకూ గోడకూ మధ్య ఏర్పడే సన్నని పగుళ్లలో సిమెంటు కూరితే అది మళ్లీ విడిపోతుంది. సాగే గుణమున్న సీలెంటు మేలు. చౌకట్టు అడుగున మట్టి గీతలు కనిపిస్తే చెదలు పట్టినట్లే. అవిసె నూనె పూసిన గుడ్డలను ఉండగా చుట్టి పడేయకూడదు. వాటంతటవే వేడెక్కి అంటుకొనే ప్రమాదముంది. పరచి ఆరబెట్టాలి.

పాతరంగు గీకేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచాలి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందరి రంగు పొడిలో సీసం ఉండవచ్చు. అది పసిపిల్లల మెదడుకు హాని చేస్తుంది. పొడిగా గీకక, తడిపి రుద్ది, ఆ చెత్తను తడిగుడ్డతో ఎత్తివేయాలి.

రమజాన్ వస్తోందంటే ఇల్లు శుభ్రం చేసుకొని రంగులు వేయించే అలవాటు మనలో ఉంది, మంచిదే. కానీ రమజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. కలప మాత్రం ఎండావానల లెక్కనే నడుస్తుంది. కాబట్టి ఇంటి గోడలకు పండుగ లెక్క చూసుకొన్నా, కిటికీలకు మాత్రం ఏటా మే నెలలో, తొలకరికి ముందే, ఒక రోజు కేటాయించండి.