పిల్లి ఇసుక తొట్టెను వదిలేస్తే..

భద్రాచలం: ఎలుకల బెడద నుంచి ధాన్యాన్ని కాపాడుకునేందుకు ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు పల్లెల్లో పిల్లులను పెంచుతుంటారు. ముసురు పట్టి పెరడు చిత్తడిగా మారితే వాటికి ఇంట్లోనే ఇసుక తొట్టె అవసరమవుతుంది. దానిని వదిలి గది మూలల్లో, పరుపులపై మూత్రం పోస్తే మొండితనంగా భావించి కొట్టరాదు. భయంతో సమస్య మరింత ముదురుతుంది.

ముందుగా అనారోగ్యాన్ని అనుమానించాలి. మగపిల్లి పదేపదే తొట్టెలో కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోతే మూత్రమార్గం మూసుకుపోయి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణాపాయం ఏర్పడుతుంది. తెల్లవారే వరకు ఆగకుండా పశువైద్యుని సంప్రదించాలి.

ఆరోగ్యం బాగుంటే లోపం తొట్టెలో వెతకాలి. పిల్లుల పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు. అందుకే వాటికి పొడి ఇసుకపై మక్కువ. రెండంగుళాల మందాన సన్నని ఇసుక పోసి, మలినాన్ని ఏరోజుకారోజు తొలగించాలి. తిండిగిన్నెకు దూరంగా, అలికిడి లేనిచోట ఉంచాలి. పిల్లుల సంఖ్య కంటే ఒక తొట్టె అదనంగా ఉండాలి.

ఫినాయిల్ వాడరాదు. ఘాటుకు పిల్లి దగ్గరకు రాదు. పైగా పాదాలకు అంటిన మందును నాకితే అది విషమవుతుంది. సబ్బునీటితో కడిగి ఎండబెడితే చాలు. పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా క్రిమి సోకి గర్భస్థ శిశువుకు హాని జరిగే అవకాశమున్నందున గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి.