నిన్న కుంటింది, నేడు నడిచింది

గృహవైద్యం చెప్పే పత్రికలో గుర్రపు గిట్టల ప్రస్తావన ఏమిటని పాఠకులు అనుకోవచ్చు. తోటలో ముసలి గుర్రాన్ని పోషించుకుంటున్న ఒక పాఠకుడు, అది నాలుగు రోజులు కుంటుతూ, నాలుగు రోజులు మామూలుగా నడుస్తోందనీ, ఏ తైలం మర్దించాలో తెలుపమనీ వ్రాశారు. ఇదే ప్రశ్నకు నేనొకప్పుడు తప్పు సమాధానం చెప్పి ఉన్నాను.

1995లో మా వీధి చివర ఒక జట్కా సాయిబుగారుండేవారు. ఆటోలు వచ్చాక జట్కా మూలబడింది. ఇరవై ఏళ్ళు పైబడిన గుర్రానికి లాడాలు ఊడదీయించి, పెరట్లో కట్టి, బిడ్డలా చూసుకునేవారు. ఒక ఉదయం వచ్చి, "అయ్యగారూ, నిన్న అడుగు వేయలేకపోయింది. ఇవాళ చక్కగా తిరుగుతోంది. దీన్ని రోగమనాలా, వేషమనాలా?" అన్నారు.

వార్ధక్యంలో వాతం ప్రబలుతుంది, వచ్చిపోయే నొప్పి వాతలక్షణం అని గురుకులంలో వల్లించిన పాఠం నాలుక మీదే ఉంది. భుజానికి మహానారాయణ తైలం మర్దించి కాపడం పెట్టమన్నాను. బలానికి ఉలవగుగ్గిళ్ళలో బెల్లం కలిపి పెట్టమన్నాను. మొదటి బెల్లం ముక్క నా ఉత్తరీయపు కొంగులోంచి నేనే తీసి పెట్టాను. గిట్ట మాత్రం ఎత్తి చూడలేదు. శాలిహోత్రుని పేర, నకులుని పేర అశ్వశాస్త్రాలున్నాయనీ, మన తెలుగులోనే మనుమంచిభట్టు హయలక్షణవిలాసం వ్రాశాడనీ నాకు తెలుసు. తెలియడం వేరు, వంగి కాలు పట్టుకోవడం వేరు.

నెల తిరగకుండానే గుర్రం ముందుకాళ్ళు చాచి, బరువంతా మడమలపైకి నెట్టి, కదలక నిలబడిపోయింది. పశువైద్యులు వచ్చారు. గిట్టపై అరచేయి ఆనించి వేడి చూశారు. తరువాత గిట్టకు కాస్త పైన, కాలి వెనుక నా వేళ్ళు పెట్టించారు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వెదికినా సులభంగా దొరకని ఆ నాడి సమ్మెటలా కొట్టుకుంటోంది. నిత్యం నాడి పట్టే నాకు అక్కడొక నాడి ఉందన్న స్పృహే లేకపోయింది! గిట్టపై వలయాలు ముందుభాగంలో దగ్గరగా, మడమవైపు ఎడంగా ఉన్నాయి. ఈ జబ్బు ఇదివరకే వచ్చిపోయిందనడానికి ఆ గీతలే సాక్ష్యమన్నారు. "మేతలో ఏమైనా మార్చారా?" అని అడిగారు. సాయిబుగారు నావైపు చూశారే గాని నోరు విప్పలేదు. నేనే చెప్పాను.

గిట్ట గోడను లోపలి ఎముకకు పట్టి ఉంచే సన్నని పొరలు దెబ్బతినే ఈ వ్యాధిని లామినైటిస్ అంటారు. బెల్లం, ధాన్యం, లేతపచ్చిక మితిమీరితే కొన్ని గుర్రాలలో రక్తంలోని ఇన్సులిన్ పెరిగిపోయి ఆ పొరలు సడలుతాయని నేడు స్పష్టంగా తెలిసింది. పదిహేనేళ్ళు దాటిన వాటిలో పిట్యూటరీ గ్రంథి దోషం కూడా దీనికి దారితీస్తుంది. వేసవి వచ్చినా రాలని పొడవాటి బొచ్చు దానికి గుర్తు, రక్తపరీక్ష చేయించాలి. లామినైటిస్ అనుమానం కలిగితే గుర్రాన్ని నడిపించరాదు. ధాన్యం ఆపి, గిట్టలను చన్నీటిలో ఉంచి, వెంటనే పశువైద్యుని పిలిపించాలి.

ప్రతి కుంటూ ఇదే కాదు. కంకరపైన మాత్రమే కుంటి, మెత్తని నేలపై బాగా నడిస్తే అరికాలు నలిగి ఉండవచ్చు. లాడం తీసిన కొత్తలో అరికాలు సున్నితంగా ఉంటుంది, రాటుదేలడానికి నెలలు పడుతుంది. హఠాత్తుగా ఒక కాలు మోపలేకపోతే గిట్టలో చీము పట్టిందో, మేకు దిగిందో చూడాలి. గుర్రానికి ధనుర్వాత భయం మెండు గనుక టీకా తప్పనిసరి. గిట్ట అడుగున నడుమనున్న త్రికోణపు మెత్తటి భాగాన్ని ఇంగ్లీషువారు ఫ్రాగ్ అంటారు, అంటే కప్ప. అది నల్లబడి దుర్గంధం వేస్తే, కట్టుకొయ్య దగ్గర పేడ, తడి నిలుస్తున్నాయన్నమాట. రోజూ గిట్టలోని మట్టి తీసి, వేపాకు కషాయంతో కడిగి, పొడిగా తుడవండి. ఆరబెట్టకపోతే కడిగిన ఫలితం దక్కదు.

ఉదయం బిగిసి, కొంత నడిచాక సడలే కుంటు కీళ్ళ అరుగుదల కావచ్చు. తైలానికి చోటు అక్కడ, అదీ గిట్టలో దోషం లేదని తేలాకే. మన నొప్పి మాత్రలు మాత్రం దానికి వేయకండి.

గిట్ట నెలకు సెంటీమీటరు లోపే పెరుగుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి తెలిసినవారిచేత చెక్కించాలి. దెబ్బతిన్న గోడ పూర్తిగా దిగిపోయి కొత్తది రావడానికి ఏడాది కావాలి. సాయిబుగారు ఆ ఏడాదీ ఓపిక పట్టారు. మేతంతా ఎండుగడ్డికి మార్చారు, గుర్రాన్ని ఇసుక నేలపై కట్టారు. తరువాత అది కంకరపై తప్ప కుంటలేదు. నన్ను చూస్తే మాత్రం దగ్గరకు వచ్చి, ఉత్తరీయపు కొంగును మూతితో వెదుకుతూ ఉండేది.