నోటు వెనుక నున్న మాట

కాగితపు నోటునకు స్వతస్సిద్ధమగు విలువ యేమియు లేదు. మన పది రూపాయల నోటును పరికించినచో, అందలి సొమ్మును తెచ్చినవారికి చెల్లింతునని రిజర్వుబ్యాంకు గవర్నరు చేసిన వాగ్దానము కనబడును. ఆ మాటయే నోటునకు ప్రాణము. తన మాటనే గాక పొరుగుదేశపు మాటను గూడ తన దానివలె మన్నించిన దేశము లున్నవా? రెండు చిన్న దేశము లున్నవి.

పూర్వము మలయా, సింగపూరు, బ్రూనై ప్రాంతములయందు ఒకే డాలరు చెలామణి యగుచుండెను. 1967 జూన్ 12వ తేదీన మలేషియా, సింగపూరు, బ్రూనైలు వేర్వేరుగ తమ డాలర్లను వెలువరించెను. ద్రవ్యము వేరైనను వర్తకము చెడరాదని తలంచి, మూడును ఒక ఒడంబడిక చేసికొనెను. దాని ప్రకారము ఒకరి డాలరును మరియొకరు డాలరునకు డాలరుగ, వట్టము లేకుండ పుచ్చుకొనవలెను. అట్లు చేరిన నోట్లను ముద్రించిన దేశమునకు పంపగా, ఆ దేశము వానికి పూర్తి వెల నిచ్చును. కావున తమ శక్తికి మించి నోట్లు ముద్రించుటకు ఎవరికిని వీలులేదు. ఒకరు అదుపు తప్పినచో రెండవవారి నమ్మకము సడలును. 1973లో మలేషియా ఈ ఏర్పాటునుండి తొలగెను. సింగపూరు, బ్రూనైలు మాత్రము తొలగలేదు.

ఒడంబడికకు నలువది సంవత్సరములు నిండిన 2007లో ఆ రెండు దేశములును ఇరువది డాలర్ల స్మారక నోట్లను వెలువరించెను. అవి కాగితముపై గాక, పాలిమరు అను పలుచని ప్లాస్టిక్కు రేకుపై ముద్రింపబడినవి. సింగపూరు నోటుపై ఆ దేశపు ప్రథమాధ్యక్షుడగు యూసోఫ్ ఇషాక్ చిత్రమును, బ్రూనై నోటుపై సుల్తాను హసనల్ బోల్కియా చిత్రమును గలవు. వెనుక వైపున ఇరుదేశముల దృశ్యములను ఒక్కచోట జేర్చిరి. ముందు వేరు, వెనుక ఒకటి. ఒడంబడిక భావమంతయు ఆ చిత్రములలోనే యిమిడియున్నది. ఏబది సంవత్సరములు నిండిన 2017లో ఏబది డాలర్ల నోట్లును వెలువడెను.

బాలబాలికలారా! మాట యిచ్చిన దినమున దానిని నిలుపుట సులభము. ఏబది యేండ్లు ప్రతిదినమును నిలుపుటయే కష్టము. అరువు తెచ్చిన పుస్తకమును చెప్పిన దినముననే తిరిగి యిచ్చు విద్యార్థికి మరల అరువిచ్చుటకు ఎవరును సంకోచింపరు. దేశముల పరపతియు అట్టిదే. అది అచ్చుయంత్రమున పుట్టదు. చెల్లించిన ప్రతి మాటతోను కొంచెము కొంచెముగ పెరుగును.