మీకు తెలుసా? కారు ఆపినా ఆరని ఎర్రదీపం

కారు ఆపి, తాళం జేబులో వేసుకుని లిఫ్టు ఎక్కేశాక కింద నుంచి వాచ్‌మన్ ఫోను: "సార్, మీ బండి ఎనక లైట్లు ఎలుగుతానే ఉన్నాయండీ!" తాడేపల్లి అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి ఈ కబురు వస్తే కారు వెనక్కి పరుగెత్తనక్కర్లేదు. డ్రైవర్ తలుపు తీసి, పెడళ్ల కింద మ్యాట్ మీద టార్చి వేసి చూడండి. పెళుసుబారిన ప్లాస్టిక్ ముక్కలు నాలుగు కనిపించాయా? రోగం దాదాపు దొరికినట్టే.

ఆ ముక్కలు చొక్కా గుండీ అంత బిళ్లవి. బ్రేక్ పెడల్ కాడ పైభాగాన ఒక స్విచ్ ఉంటుంది. దానికి బాల్‌పెన్ను బొత్తంలాంటి పుల్ల. ఇంట్లో కాలింగ్ బెల్ నొక్కితే మోగుతుంది. ఇది తిరకాసు స్విచ్, నొక్కి ఉంచితేనే ఆరుతుంది. ఫ్రిజ్ తలుపు దగ్గర బొత్తం చేసే పనే ఇదీ చేస్తుంది. కాలు తీసినప్పుడు పెడల్ వెనక్కి వచ్చి పుల్లను నొక్కేస్తుంది, దీపం ఆరుతుంది. కాలు వేయగానే పుల్ల బయటికొస్తుంది, దీపం వెలుగుతుంది. చాలా కార్లలో పుల్ల తగిలేచోట కాడకు ఒక రంధ్రం, ఆ రంధ్రాన్ని మూస్తూ ఈ బిళ్ల. బిళ్ల పొడైతే పుల్ల నేరుగా రంధ్రంలోకి దూరుతుంది. ఇక మీరు కాలు వేసినా తీసినా స్విచ్‌కి ఒకటే లెక్క.

బిళ్లకు వయసు ఒక శత్రువు, వేడి రెండోది. రెంటచింతల పేరు వార్తల్లోకెక్కని వేసవి మనకు లేదు కదా. అలాంటి ఎండలో అద్దాలు బిగించి నిలబెట్టిన కారులోపల వేడి 60 డిగ్రీలు దాటుతుంది.

తాళం తీసేశాక కూడా బ్రేక్ లైట్లు ఎలా వెలుగుతాయంటే, చాలా కార్లలో వాటికి కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది. మామూలు బల్బు ఒక్కోటి 21 వాట్లు. రెండు కలిపి 42. పన్నెండు వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు. చిన్న కార్లలో కనిపించే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ అయితే లెక్కప్రకారం పది గంటల్లో ఖాళీ. రాత్రి తొమ్మిదింటికి ఆపితే తెల్లారి ఏడింటికి సెల్ఫ్ కొట్టదు. పాత బ్యాటరీ అయితే ఏడు దాకా కూడా ఆగదు.

ఆటోమేటిక్ గేరు కారున్నవాళ్లకు ఇంకో తలనొప్పి. బ్రేక్ తొక్కితే తప్ప పార్కింగ్ నుంచి గేరు కదలకుండా ఒక గొళ్లెం పెట్టి ఉంటారు. ఆ గొళ్లేనికి కబురు అందించేది కూడా సాధారణంగా ఈ స్విచ్చే. బిళ్ల పోతే గొళ్లెం తెరుచుకునే ఉంటుంది, పక్కన కూర్చున్న పిల్లవాడు లివర్ లాగినా బండి కదలొచ్చు. ఇది ఊహించి భయపెట్టడం కాదు. 2015లో అమెరికాలో మూడు లక్షలకు పైగా హ్యుండై సొనాటా కార్లను కంపెనీ వెనక్కి పిలిచింది ఈ బిళ్ల కోసమే. అంతకుముందు 2013లో అక్కడే హ్యుండై, కియా కార్లు పది లక్షలకు పైగా ఇదే స్విచ్ లోపంతో వెనక్కి వెళ్లాయి. వాటిలో జబ్బు తలకిందులు, బ్రేక్ తొక్కినా దీపం వెలగకపోవచ్చు. (పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ కార్లు చేయడం మొదలుపెట్టింది 2019లో. ఈ గొడవకూ దానికీ సంబంధం లేదు.)

మ్యాట్ మీద ముక్కలు లేకపోతే? పెడల్ కిందికి బూటు మొన పెట్టి పైకి లేపండి. లైటు ఆరిందంటే పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. స్ప్రింగ్ అలిసిందో, మడతపడ్డ మ్యాట్ అడ్డుపడిందో, స్విచ్ పక్కకు జరిగిందో. ఆరకపోతే స్విచ్ ప్లగ్ ఊడదీయండి. అప్పుడు ఆరితే స్విచ్‌లో పాయింట్లు అతుక్కున్నట్టు. అప్పటికీ వెలుగుతుంటే వైరింగ్‌లో ఎక్కడో షార్టు, ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడమే మేలు.

అసలు తొక్కకపోయినా పార్కింగ్ లైట్లు వేసినప్పుడు మాత్రమే బ్రేక్ లైటు వెలుగుతుంటే కథ వేరు, పెడల్ జోలికి వెళ్లొద్దు. పాత తరహా బల్బులో రెండు తీగలుంటాయి, ఒకటి 5 వాట్లు, ఇంకోటి 21. బల్బును తిరగేసి బిగించినా, హోల్డర్‌కి ఎర్త్ సరిగా అందకపోయినా ఒక తీగ కరెంటు ఇంకో తీగలోకి పారుతుంది.

బ్యాటరీ సంగతి సరే, దీపం ఊరికే వెలిగితే నష్టమేంటంటారా? శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ వోయెవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 343 టాక్సీలకు వెనక మధ్యలో అదనంగా ఒక దీపం పెట్టించి చూశారు. బ్రేక్ వేసినప్పుడే వెలిగే ఆ దీపం వల్ల వెనక నుంచి గుద్దే ప్రమాదాలు 60 శాతం తగ్గాయని 1974లో ప్రకటించారు. ఇప్పుడు మన కార్ల వెనక అద్దంలో కనిపించే మూడో లైటుకు మూలం అక్కడుంది. బ్రేక్ వేసినప్పుడే వెలగడంలోనే దాని విలువంతా. ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం బారులో ముందు కారు లైటు ఎప్పుడూ వెలుగుతుంటే, అది నిజంగా ఆగుతోందో లేదో వెనకవాడికి తెలిసేదెలా? పత్తి బోరేలు ఉబ్బి వెనక లైట్లు కప్పేసిన లారీ వెనక పడ్డట్టే.

పొడైన బిళ్లకు బదులు కొత్తది విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే దొరుకుతుంది. కారు మొత్తంలో అతి చవకైన సామాన్లలో అదొకటి, రెండు కొని పెట్టుకోండి. రోడ్డు మీద ఇరుక్కుంటే మెకానిక్కులు ఆ రంధ్రంలో చిన్న నట్టూ బోల్టూ బిగించి పంపిస్తారు. ఇల్లు చేరడానికి బాగానే పనికొస్తుంది. తర్వాత ఇనుము తగిలి తగిలి స్విచ్ పుల్ల అరుగుతుంది. స్విచ్‌నే ముందుకు జరిపి బిగిస్తామంటే మాత్రం ఒప్పుకోకండి, ఎక్కువ జరిగితే పెడల్ కాస్త తొక్కినట్టే ఉండిపోయి బ్రేకులు రాసుకుని చక్రాలు వేడెక్కుతాయి. ఆ రాత్రికి ఏమీ దొరక్కపోతే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి పడుకోండి. తెల్లారాక గడియారం లాంటివి సరిచేసుకోవాల్సి వస్తుంది.