మూడో తీగ సన్నబడిన కాలం

ఎలక్ట్రిక్ గిటార్ చరిత్ర చెప్పేవాళ్లు ఎక్కువగా గిటార్ల పేర్లే చెబుతారు. 1952లో గిబ్సన్ వారి లెస్ పాల్ వచ్చింది, 1954లో ఫెండర్ వారి స్ట్రాటోకాస్టర్ వచ్చింది అంటారు. నిజమే, కానీ అందులో ఒక చిక్కుంది. ఆ రెండూ పుట్టినప్పుడే దాదాపు పూర్తి రూపంతో పుట్టాయి. ఇవాళ దుకాణంలో వేలాడుతున్న స్ట్రాటోకాస్టర్‌ని 1954 నాటి దాని పక్కన పెడితే కవలల్లా ఉంటాయి. వినబడే పాట మాత్రం వేరు. 1950లలో చక్ బెర్రీ లాంటివాళ్ల చేతిలో గిటార్ రెండేసి తీగలు కలిపి టకటకా మోగుతూ తాళంతో పరుగులు తీసింది. పదిహేనేళ్లు తిరక్కుండా అదే గిటార్ ఒక్కో స్వరాన్ని పట్టుకుని సాగదీసి, కిందనుంచి పైకి జారుతూ, మనిషి గొంతులా మూలగడం మొదలుపెట్టింది. కర్ర మారలేదు. మరి మారిందేమిటి? చాలామంది ఆంప్లిఫయర్ అంటారు, కొందరు వాయించేవాళ్ల ప్రతిభ అంటారు. రెండింటినీ కాదనలేం. అయితే వాటికంటే చవకైనది, వారాల్లో తుప్పుపట్టి చెత్తబుట్టలో పడేది ఒకటుంది. దానికి దక్కాల్సిన పేరు దక్కలేదని నా వాదన. అదే తీగ. ఇంకా సూటిగా చెప్పాలంటే మూడో తీగ.

ముందు పాత సెట్టు ఎలా ఉండేదో చూడాలి. గిటార్ తీగల మందాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో లెక్కపెడతారు. మొదటి తీగ మందాన్ని బట్టే సెట్టుకు పేరు: పదుల సెట్టు, పన్నెండుల సెట్టు అని. పది అంటే పావు మిల్లీమీటరు. 1950లలో ఎలక్ట్రిక్ గిటార్‌కి మామూలుగా దొరికినవి పన్నెండు, పదమూడుల సెట్లు. కారణం వారసత్వం. పికప్ లేని రోజుల్లో గిటార్ శబ్దమంతా బోలు పెట్టె అదిరితేనే వచ్చేది. పెట్టెను కదిలించాలంటే లావు తీగ కావాలి. పికప్ వచ్చాక ఆ అవసరం తీరిపోయింది. అయస్కాంతం ముందు ఉక్కు కదిలితే చాలు, పికప్‌లోని చుట్టలో పుట్టిన కొద్దిపాటి విద్యుత్తును ఆంప్ పెంచుకుంటుంది. అవసరం పోయినా అలవాటు పోలేదు. పికప్ కొత్తది, తీగ పాతది. మందం కొంచెం తేడాయే కదా అనిపించవచ్చు. కానీ ఒకే పొడవులో, ఒకే శ్రుతిలో నున్నటి ఉక్కు తీగ బిగువు దాని మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఫెండర్ గిటార్ పొడవు మీద పన్నెండు మందం మొదటి తీగను శ్రుతికి తెస్తే బిగువు దాదాపు 10.6 కిలోలు. పదికి 7.3, తొమ్మిదికి 6 కిలోలకు కాస్త తక్కువ. వెంట్రుక మందం కూడా లేని తేడాకు వేలు మోసే బరువు అంత మారుతుంది.

అసలు అడ్డంకి మొదటి తీగ కాదు, మూడోది. పాత సెట్లలో అది ఉక్కు తీగ మీద మరో సన్నని తీగ బిగించి చుట్టినది. లోపలున్న సన్నని ఉక్కు తన బరువుతోపాటు చుట్టు బరువు కూడా మోస్తూ శ్రుతికి చేరాలి కనుక ముందే గట్టిగా సాగి ఉంటుంది. అలా సాగినదాన్ని వేలితో ఇంకొంచెం సాగదీస్తే, ఉన్న బిగువులో అది చిన్న వంతు. స్వరం అరకొరగా పెరుగుతుంది. చుట్టులేని నున్నటి మూడో తీగలో ఉక్కు లావు, దానిమీద ఒత్తిడి తక్కువ. అదే దూరం నెడితే స్వరం చాలా ఎక్కువ పైకి పోతుంది. అంటే చుట్టు తీగ రెండు విధాల మొండికేస్తుంది: నెట్టడానికి బలం ఎక్కువ అడుగుతుంది, నెట్టినా ఫలితం తక్కువ ఇస్తుంది. గిటార్ మెడ మధ్యలో, వేళ్లకు బాగా అందే చోట అలాంటి తీగ కూర్చుంటే పాట అక్కడే ఆగిపోతుంది.

వీణ తెలిసినవారికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. సారణి తీగను ఒకే మెట్టు మీద పక్కకు లాగి పై స్వరాలు పలికించడం మన గమకంలో ముఖ్యమైన పని. అందుకు వీలుగా మెట్లు ఎత్తుగా ఉంటాయి, వాయించే తీగ నున్నగా ఉంటుంది. గమకం లేని రాగం ఎముకల గూడే అని మనకు తెలుసు కాబట్టి, తీగ లాగడాన్ని అలంకారంగా కాక భాషగానే నేర్చుకుంటాం. అమెరికాలో బ్లూస్ పాడేవాళ్లకూ ఇలాంటి అవసరమే ఉండేది. వాళ్ల గొంతులోని స్వరం మెట్ల మధ్యన తిరుగుతుంది. గిటార్ దాన్ని అందుకోవాలంటే మెట్టును దాటిపోయే దారి కావాలి. కొందరు సీసా మెడను వేలికి తొడిగి తీగ మీద జార్చారు. మిగిలినవాళ్లు తీగతో కుస్తీపట్టారు.

మార్పు కంపెనీల నుంచి రాలేదన్నదే ఈ కథలో నాకు బాగా నచ్చే భాగం. లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌కి చెందిన జేమ్స్ బర్టన్, తర్వాతి రోజుల్లో ఎల్విస్ ప్రెస్లీ పక్కన నిలబడినవాడు, తన టెలికాస్టర్ గిటార్ మీద సన్నతీగల వైపు ఇంకా సన్నని బాంజో తీగలు వేసుకున్నాడు. ఇలాంటి ఉపాయం చాలామంది పట్టారు. బాంజో తీగను మొదటి తీగగా పెట్టడం, గిటార్ సెట్టులోని మొదటి తీగను రెండో చోటికి, రెండోదాన్ని మూడో చోటికి జరపడం, చివర మిగిలిన లావుపాటి ఆరో తీగను పారేయడం. ఒక్కో తీగ ఒక్కో మెట్టు దిగితే చాలు, చుట్టున్న మూడో తీగ నాలుగో చోటికి పోయి, దాని స్థానంలో నున్నటి తీగ వచ్చి కూర్చుంటుంది. కాలిఫోర్నియాలోని టార్జానాలో గిటార్ దుకాణం నడుపుతున్న ఎర్నీ బాల్ ఇదంతా గమనించాడు. ఆనాడు బాగా అమ్ముడయ్యే ఫెండర్ సెట్టులో మూడో తీగ మందం 29. కొత్తగా నేర్చుకునేవాళ్ల వేళ్లు దాని దగ్గర చేతులెత్తేసేవి. ఇరవై నాలుగు మందంతో చేయమని ఫెండర్‌ని అడిగితే కాదన్నారు. వేరే తయారీదారుతో చేయించి తన దుకాణంలో అమ్మాడు. తర్వాత ఇంకా సన్నని సెట్టు కోసం మళ్లీ అడిగాడు, మళ్లీ కాదన్నారు. 1962లో స్లింకీ పేరుతో తనే తెచ్చాడు: 10, 13, 17, 26, 36, 46. మూడోది 17, చుట్టు లేనిది. ఈ ఆరు అంకెలు ఇప్పటికీ ప్రపంచంలో ఏ గిటార్ దుకాణంలోనైనా దొరుకుతాయి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. గిటార్‌కి గొంతునిచ్చింది తీగ కాదు, గట్టిగా మోగి స్వరాన్ని చాలాసేపు నిలిపే ఆంప్ అని. లండన్‌లో జిమ్ మార్షల్ 1962లో మొదలుపెట్టిన ఆంప్‌లూ, 1966లో ఎరిక్ క్లాప్టన్ జాన్ మేయాల్ బృందంతో చేసిన రికార్డూ దీనికి సాక్ష్యాలుగా చూపుతారు. సగం ఒప్పుకుంటాను. స్వరం నిలవకపోతే లాగడానికి సమయమే ఉండదు. కానీ ఆంప్ స్వరాన్ని నిలబెడుతుంది, కదపదు; కదపడం వేలి పని, వేలికి లొంగేది తీగ. పైగా బర్టన్ లాంటివాళ్లు కంట్రీ సంగీతంలో ఏ బొంగురూ లేని శుభ్రమైన నాదంతో, చిన్న శబ్దంతోనే తీగలు లాగి పాడించారు. అక్కడ మార్షల్ ఆంప్ లేదు, సన్నతీగ ఉంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. 1940ల్లోనే టీ-బోన్ వాకర్ తీగలు లాగాడు కదా, బీ.బీ. కింగ్ లాగాడు కదా, వాళ్లకు స్లింకీ ఎక్కడిది? నిజమే. అయితే ఆనాటి లాగుళ్లు ఎక్కువగా మొదటి రెండు తీగల మీద వినిపిస్తాయి. ఆ రెండూ ఎప్పుడూ నున్నటివే, చుట్టు లేనివే. ఆల్బర్ట్ కింగ్ సంగతి మరీ విచిత్రం. ఎడమచేతివాటం మనిషి, కుడిచేతి గిటార్‌ని తిరగేసి పట్టుకుని తీగల్ని నేల వైపు లాగేవాడు. పైగా శ్రుతిని మామూలు కంటే బాగా కిందికి దించుకునేవాడు. శ్రుతి దించడమంటే బిగువు దించడమే. తీగ సన్నం చేయడానికి అదొక అడ్డదారి. కాబట్టి ఈ ఉదాహరణలు నా వాదనను పడగొట్టవు. దుకాణంలో దొరకనిదాన్ని మనుషులు ఎన్ని దారుల్లో సంపాదించుకున్నారో చూపుతాయి.

లావు తీగకే నాదం నిండుగా ఉంటుందని, సన్నతీగ బద్ధకస్తుల సుఖమని ఒక నమ్మకం ఇప్పటికీ బలంగా ఉంది. దానికి దేవుడు గిటారిస్టు స్టీవీ రే వాన్. పదమూడుల సెట్టు వేసి, వేళ్ల చివరలు చిట్లితే జిగురుతో అతికించుకుని వాయించాడన్నది అందరూ చెప్పేదే. ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది: అతను శ్రుతిని అర స్వరం దించేవాడు. దానితో బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. అతని పదమూడు, మామూలు శ్రుతిలోని పన్నెండు కంటే కాస్తే ఎక్కువ. అప్పటికీ లావే, కానీ కథల్లో ఉన్నంత కాదు. లావు తీగ పికప్‌లో కొంచెం ఎక్కువ విద్యుత్తు పుట్టిస్తుందనేది నిజం. ఆ కొంచెం ఆంప్ మీద గుండీ తిప్పితే వచ్చేస్తుంది. నిండుదనం గురించి అడిగితే నేను చూపించే మనిషి బర్మింగ్‌హామ్‌కి చెందిన టోనీ అయోమీ. 1965లో కర్మాగారం యంత్రంలో తీగలు నొక్కే చేతి రెండు వేళ్ల చివరలు తెగిపోయాయి. తొడుగులు చేసుకుని, నొప్పి పుట్టని తీగలు వెతుక్కుని, బాంజో తీగలు వేసుకుని మళ్లీ వాయించాడు. తర్వాత శ్రుతిని కూడా కిందికి దించాడు. 1971లో మాస్టర్ ఆఫ్ రియాలిటీ ఆల్బమ్ నాటికి ఏకంగా స్వరమున్నర. హెవీ మెటల్ అని లోకం పేరుపెట్టిన ఆ బరువైన మోత పుట్టింది చాలా తేలికైన తీగల మీద.

పాత తీగల లోహం గురించి ఇవాళ సాగే వ్యామోహాన్ని నేను ఇంత గట్టిగా పట్టించుకోను. అప్పటి చుట్టు ఎక్కువగా అచ్చమైన నికెల్‌తో ఉండేది. 1969లో కెనడాలోని సడ్‌బరీ నికెల్ గనుల్లో సమ్మె నెలలపాటు సాగి ధర ఎగబాకింది. 1970లలో చాలా కంపెనీలు ఉక్కు మీద నికెల్ పూత పూసిన చుట్టుకు మారాయి. ఉక్కు అయస్కాంతానికి ఎక్కువ స్పందిస్తుంది కనుక కొత్త తీగ మెరుపుగా మోగుతుంది, పాతది మెత్తగా. తేడా ఉంది, చెవికి తెలుస్తుంది. కానీ ఆ మెత్తదనం ఏ కొత్త పాటనూ సాధ్యం చేయలేదు, మందం చేసింది.

మన పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఎదుర్కొన్నదీ ఇదే సమస్య. మాండొలిన్‌కి నాలుగు జతలు, ఎనిమిది తీగలు. జంట తీగలను కలిపి లాగితే రెండూ ఒకే స్వరం మీద నిలవవు, గమకం చీలిపోతుంది. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, జంటలు తీసేసి, ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నాడు. పికప్ ఉంది కాబట్టి రెండో తీగ ఇచ్చే అదనపు శబ్దం అక్కర్లేదు. శబ్దం కోసం పెట్టుకున్న లావును పికప్ వచ్చాక వదిలేసి, దాని బదులు కదలిక తెచ్చుకోవడం: అమెరికాలో బాంజో తీగలతో జరిగింది, కర్ణాటక కచేరీ వేదిక మీద ఒంటి తీగలతో జరిగింది.

ఎర్నీ బాల్‌ను రెండుసార్లు తిప్పి పంపిన ఫెండర్ ఇవాళ తన స్ట్రాటోకాస్టర్‌లను తొమ్మిదుల సెట్టు వేసి అమ్ముతోంది. అయితే పాత నమూనాల్లో పికప్ మీద ఆరు చిన్న అయస్కాంతపు కడ్డీలు ఒకే ఎత్తులో ఉండవు. మూడో తీగ కిందిది పొడుచుకొచ్చి కనిపిస్తుంది. 1954లో చుట్టున్న మూడో తీగ బలహీనంగా వినబడుతుందని అక్కడ ఎత్తు పెంచారు. నున్నటి తీగ వేశాక ఆ ఎత్తు అక్కర్లేదు సరికదా, మూడో తీగ మిగిలినవాటిని మించి మోగుతుంది. అయినా పాతకాలపు పద్ధతిలో అని చెప్పి అమ్మే పికప్‌లలో ఆ కడ్డీని ఇప్పటికీ అలాగే ఎత్తుగా ఉంచుతున్నారు.